రేడియేషన్‌కు చావని మట్టి బ్యాక్టీరియా.. అమ్మను చేనుకు పంపొచ్చా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. అమ్మకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. కుడి రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, చంకలో గ్రంథులూ తీశారు. 15 సిట్టింగుల రేడియేషన్ పూర్తయి మూడు నెలలైంది. పత్తి ఏరడానికి పోతానంటోంది. మట్టిలో రేడియేషన్‌కు కూడా చావని కొత్త బ్యాక్టీరియా దొరికిందని వార్త చూశాం. అది ఒంట్లో చేరితే మందులకు లొంగదా?

జవాబు: రేడియేషన్‌ను తట్టుకోవడం వేరు, మందులను తట్టుకోవడం వేరు. ఈ రకం బ్యాక్టీరియాలో పేరున్నది డైనోకాకస్ రేడియోడ్యూరన్స్. 1956లో అమెరికాలో, క్రిములు చావాలని గామా కిరణాలు (ఒక రకం రేడియేషన్) పెట్టినా పాడైపోయిన మాంసం డబ్బాలో దొరికింది. 5000 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే యూనిట్) మోతాదుకు కూడా బతుకుతుంది. మనిషి ఒళ్లంతా ఒక్కసారే 5 గ్రే పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంత మొండిదైనా ఇది రోగకారి కాదు, మామూలు యాంటీబయాటిక్స్ చాలావాటికి లొంగుతుంది. ఎండాకాలం నెర్రెలిచ్చే రేగడిలాంటి చోట తడారి డీఎన్‌ఏ ముక్కలైతే మళ్లీ అతికించుకోవడం దీనికి తెలుసు. ఆ నేర్పే రేడియేషన్‌కూ అక్కరకొస్తోందని శాస్త్రజ్ఞుల అంచనా. రేడియేషన్ చేయించుకున్న వాళ్లను వెతుక్కుంటూ రాదు. మెషీన్‌తో బయటినుంచి ఇచ్చిన రేడియేషన్ అమ్మగారి ఒంట్లో ఇప్పుడు మిగిలి కూడా ఉండదు.

‘కొత్తది’ అనడానికి చాలా తతంగం ఉంది. మట్టిని స్టెరైల్ ఉప్పునీటిలో కలిపి, గామా కిరణాలు పెట్టి, పదింతల చొప్పున పలచన చేస్తూ అగర్ ప్లేట్ల (బ్యాక్టీరియా పెరగడానికి జెల్లీ పోసిన పళ్లేలు) మీద పోసి, 30 డిగ్రీల దగ్గర పెంచుతారు. రెండో రోజే ప్లేట్లు పారేస్తే నిదానంగా పెరిగేవి దొరకవు. గులాబీ, ఎర్ర చుక్కలు కనిపించగానే పేరు పెట్టలేం, ఆ రంగువి చాలా జాతులున్నాయి. కోట్లలో ఒకటి అదృష్టం కొద్దీ బతికి ఉండొచ్చు కూడా. అందుకే ఒక్కో చుక్కనూ విడిగా పెంచి మళ్లీ కిరణాలు పెట్టి చూస్తారు. ఆపైన బ్యాక్టీరియా జాతిని గుర్తుపట్టడానికి చూసే 16ఎస్ అనే జన్యువుకు, తెలిసిన జాతులతో పోలిక 98.7 శాతం కంటే తగ్గితే కొత్త జాతేమోనని అనుమానం. మొత్తం జీనోమ్ (డీఎన్‌ఏ అంతా) పోలిక 95 శాతానికి లోపు వస్తేనే ఆ మాట నిలబడుతుంది. ఇందులో ఎక్కడా రోగం ప్రస్తావనే లేదు.

నా భయమల్లా అమ్మగారి కుడిచేయి గురించే. చంక గ్రంథులు తీశాక ఆ చేతి నుంచి లింఫ్ ద్రవం సరిగా పారదు. ఎండిన పత్తికాయ మొన గుచ్చుకున్నా, ఆ చిన్న గాయం నుంచే చర్మం కింద ఇన్ఫెక్షన్ పాకొచ్చు. దానికి కారణం రోజూ చూసే స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాలే. రేడియేషన్ పెట్టిన చోట చర్మం పూర్తిగా మానిందని డాక్టర్ చూసి చెప్పాకే పంపండి. నిండు చేతుల జాకెట్, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. గ్లవ్స్‌తో ఏరడం ఆలస్యమవుతుంది, కానివ్వండి. బరువు మూటలు ఆ చేత్తో ఎత్తొద్దు. గీరుకుంటే సబ్బునీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. సున్నం, బీడీ పొడి పెట్టొద్దు. చేయి ఎర్రబారి వేడెక్కినా, జ్వరం 100.4 దాటినా అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ధనుర్వాతం టీకా వేసి ఐదేళ్లు దాటి ఉంటే మట్టి గాయానికి మరో డోసు కావాలి.

షుగర్ ఉంది కాబట్టి మరొకటి. వరి మళ్ల బురదలో ఉండే మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే క్రిమి షుగర్ ఉన్నవాళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది. వారం దాటినా తగ్గని జ్వరం, దగ్గు ఉంటే టీబీ అని పొరబడే అవకాశం ఉంది. బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి గుర్తుపట్టే పరీక్ష) చేయించండి. ల్యాబులో ఈ క్రిమినే పొరబాటున ‘సూడోమోనాస్’ అనే వేరే బ్యాక్టీరియాగా రాయొచ్చు. రిపోర్టులో ఆ పేరు వస్తే, అమ్మ పొలం పని చేస్తుందని, షుగర్ ఉందని డాక్టర్‌కు చెప్పి, మరోసారి సరిచూడమని అడగండి.