20 మిల్లీగ్రాములు అంటే పేదోళ్ల డోసా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం పక్క ఊరు. మా అమ్మకి 58 ఏళ్లు, అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. రెండేళ్ల కిందట అంగిట్లో క్యాన్సర్ అని ఆపరేషన్ చేసి కరెంట్ పెట్టారు. ఇప్పుడు మళ్లీ మెడలో గడ్డలొచ్చాయి, పెట్ స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో కూడా ఉందన్నారు. ఒక పెద్దాస్పత్రిలో నివోలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ సూది (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి లేపే మందు) ఫుల్ డోసు పెట్టాలి, నెలకి లక్షల్లో అవుద్ది అన్నారు. ఇంకో డాక్టరు గారు అదే మందు 20 మిల్లీగ్రాములు మూడు వారాలకోసారి, దాంతో పాటు మాత్రలు, చాలు అంటున్నారు. మా అన్నయ్యేమో "డబ్బుల్లేవని తెలిసి చుక్క మందుతో సరిపెడుతున్నారు, జీడితోట అమ్మేద్దాం" అని గొడవ. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీ అన్నయ్యకి ఇది చదివి వినిపించండి, బేరం పెట్టింటే రెండ్రోజులు ఆపమనండి.

ఆ 20 మిల్లీగ్రాముల డోసు ఆ డాక్టరు గారు జాలిపడి కనిపెట్టింది కాదండీ. ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రిలో పద్ధతి ప్రకారం ట్రయల్, అంటే పేషెంట్లకి మందు ఇచ్చి చూసే పరీక్ష, చేసి, 2022లో ఫలితాలు బయటపెట్టారు. తల, మెడ క్యాన్సర్ ముదిరిపోయి లేదా తిరగబెట్టి, ఇక పూర్తిగా నయం చేసే దారి లేని 151 మందిని తీసుకుని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మూడు రకాల మాత్రలు, అంటే వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్. రెండో గుంపుకి అవే మాత్రలు ప్లస్ మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్. ఏడాది తర్వాత చూస్తే మొదటి గుంపులో బతికున్నోళ్లు నూటికి 16 మంది, రెండో గుంపులో నూటికి 43 మంది.

ఇదే ట్రయల్‌లో ఇంకో లెక్క కూడా ఉంది, మీడియన్ అంటారు, అది 6.7 నెలల నుంచి 10.1 నెలలకి పెరిగింది. ఇది చూసి చాలామంది "ఇంతా చేసి మూడున్నర నెలలా" అని నీరుగారిపోతారు. మీడియన్ అంటే మీ అమ్మగారికి ఇన్ని నెలలే అని రాసిపెట్టడం కాదు. అందర్నీ ఎంతకాలం బతికారన్న వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి లెక్క అది, అంతే. ఆ మనిషి వెనకాల ఇంకో సగం లైను ఉంది. ఇమ్యూనోథెరపీ గుణమేంటంటే చాలామందికి అసలు పట్టదు, పట్టినోళ్లలో కొందరికి మాత్రం ఆ గుణం చాలాకాలం నిలుస్తుంది, కాబట్టి ఈ మందు సంగతి తెలియాలంటే లైను చివర చూడాలి. ఎవరైనా "ఎన్ని నెలలు" అని ఒకే నంబర్ చెప్తే, "ఏడాదికి నూటికి ఎంతమంది ఉన్నారండీ" అని కూడా అడగండి.

మరి అంత తక్కువ డోసు ఎలా పనిచేస్తుంది అంటారా. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం కదా. మన ఒంట్లో రోగంతో పోట్లాడే టీ కణాల మీద పీడీ-1 అని సీటు లాంటిది ఉంటుంది, క్యాన్సర్ కణం వచ్చి అందులో కూర్చుంటే మన కణం చల్లబడిపోయి పోట్లాట మానేస్తుంది. నివోలుమాబ్ ఆ సీటు మీద పడే తువ్వాలు. సీట్లన్నిటి మీదా తువ్వాళ్లు పడ్డాక ఇంకో బస్తా తువ్వాళ్లు విసిరితే ఏం లాభం? ఈ మందు తొలిరోజుల పరీక్షల్లోనే చిన్న డోసులకే చాలా సీట్లు నిండిపోతున్నాయని కనిపించింది. కీమో అలా కాదు, అక్కడ డోసు తగ్గితే దెబ్బ తగ్గొచ్చు. "ఎక్కువ మందు ఎక్కువ గుణం" అన్న మీ అన్నయ్య లెక్క కీమో చూసి వచ్చింది.

అలాగని ఫుల్ డోసు చెప్పినోళ్లు మోసం చేస్తున్నారనడం లేదు. 2016లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, 361 మందితో, ఫుల్ డోసుకే ఏడాదికి నూటికి 36 మంది ఉన్నారు, మామూలు మందులకి 17 మంది లోపు. ఈ 36నీ ఆ 43నీ పక్కపక్కన పెట్టి చిన్న డోసే గొప్పది అనేయకండి, ఆ పేషెంట్లు వేరు, పక్కనున్న మందులు వేరు. టాటా వాళ్లు పోల్చింది ఉత్త మాత్రలతో, ఫుల్ డోసుతో కాదు. కాబట్టి రెండూ సమానం అని ఆ ట్రయల్ చెప్పదు. ఉత్త మాత్రల కన్నా మాత్రలతో పాటు ఈ చిన్న డోసు చాలా నయం అని మాత్రం గట్టిగా చెప్తుంది. తోట అమ్మాలా వద్దా అన్న చోట నాకైతే ఆ మాట సరిపోద్ది. డబ్బుకి ఇబ్బంది లేని ఇల్లయితే, బయాప్సీ బ్లాకు (గడ్డలోంచి తీసి మైనంలో దాచిన ముక్క) మీద పీడీ-ఎల్1 టెస్టు, అంటే ఆ పీడీ-1 సీట్లో కూర్చునే పదార్థం గడ్డలో ఎంతుందో చూసే టెస్టు, చేయించి, స్కోరు బాగా ఎక్కువొస్తే ఫుల్ డోసు గురించి మాట్లాడుకోవచ్చు. విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి మీకు దగ్గరే, బ్లాకులు, స్లైడ్లు, పాత స్కాన్లు పట్టుకుని రెండో మాట అక్కడ అడగండి.

మాత్రలు మాత్రం నిర్లక్ష్యం చెయ్యొద్దు. సూది పెట్టించుకుని మాత్రలు మానేసే వాళ్లని చూశాను, ఆ ట్రయల్‌లో గుణం వచ్చింది రెండూ కలిసి. ముఖ్యంగా మెథోట్రెక్సేట్ వారానికోసారే, పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదకొస్తుంది, క్యాలెండర్‌లో వేసుకునే ఆ ఒక్క రోజు చుట్టూ ఎర్రపెన్నుతో గుండ్రం పెట్టుకోండి. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్లలు కలిపి వేయొద్దు, సెలికాక్సిబ్ కూడా నొప్పి బిళ్లే. ఒంటి మీద మొటిమల్లాంటి పొక్కులు, విరోచనాలు, నోటిపూత వస్తే ఫోన్ చెయ్యండి. కొత్తగా ఆయాసం వస్తే ఫోన్ కాదు, బయల్దేరండి.

అడ్డపొగ సంగతి. మీ జిల్లాలో 10,169 మంది ఊరోళ్ల నోళ్లు చూసి 1971లోనే రాశారు, నిప్పు నోట్లో పెట్టుకునే ఈ అలవాటుకీ అంగిట్లో వచ్చే మచ్చలకీ ఉన్న లంకె గురించి. ఇంట్లో పిన్నులు, అత్తలు ఇంకా కాలుస్తుంటే టార్చి వేసి అంగిలి చూపించుకోమనండి. అమ్మని మాత్రం ఇప్పుడు తిట్టకండి.

ప్రశ్న: మా మావయ్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో స్టేజ్. ట్రయల్‌లో చేరతారా అని అడిగారు. "ఎలకల మీద చేసినట్టు చేస్తారు" అని అత్తయ్య ఒకటే ఏడుపు. – ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అత్తయ్య గారి భయం తప్పు కాదు, కానీ పైన చెప్పిన ట్రయల్ చూడండి, రెండు గుంపుల్లో ఎవర్నీ మందు లేకుండా వదిలెయ్యలేదు కదా. సీటీఆర్ఐ, అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ, అందులో రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, 2009 నుంచి అది తప్పనిసరి. ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే వైద్యం ఉచితంగా చెయ్యాలని కొత్త మందులు, ట్రయల్స్ గురించి కేంద్రం పెట్టిన 2019 రూల్స్‌లో ఉంది. ఇష్టం లేకపోతే మధ్యలో ఎప్పుడైనా బయటికి రావచ్చు, అలా వచ్చేశారని మామూలు వైద్యం ఆపడానికి వీల్లేదు. సంతకం అక్కడికక్కడే పెట్టొద్దు, తెలుగు కాగితం ఇంటికి తెచ్చుకుని అత్తయ్యని పక్కన కూర్చోబెట్టి చదవండి, అర్థం కాని చోట పెన్సిల్ గీత పెట్టుకుని మర్నాడు అడగండి. రాత్రి రెండింటికి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ నంబర్ కాగితం మీద ఉందో లేదో కూడా చూడండి.