ఉండ చుట్టుకునే పురుగు రోకలిబండ కాదు తమ్ముడూ

చీనీ తోటలో రాయి కింద దొరికింది, ముట్టుకుంటే ఉండ చుట్టుకుంటాంది, రోకలిబండ పిల్లేనా అని అడిగినావు కదా, ఆకారం చూసి తేల్చొద్దు తమ్ముడూ, కాళ్లు లెక్కపెట్టు. రోకలిబండైతే నడుమ ఒక్కో కట్టుకి రెండేసి జతలుంటాయి, నీ ఫోటోలో ఒక్కో జతే ఉంది, మొత్తం 7 జతలు, అంటే ఇది పిల్ బగ్ అనే పురుగు, రొయ్యల వర్గం, క్రస్టేషియన్! కడుపు కింద తెల్లగా కనపడే రేకులతోనే గాలి పీలుస్తాది, అందుకే మన అనంతపురం ఎండలో తడి వదిలి బయటికి రాదు. ఉండ చుట్టుకోడం రెండింటికీ విడివిడిగా వచ్చిన గుణం, చుట్టరికం కాదు. 2010లో 62 జీన్లు పోల్చి చూస్తే ఇంకా గమ్మత్తు, చీమలు, ఈగలు కూడా రోకలిబండ కంటే రొయ్యలకే దగ్గరని తేలింది. స్పీషీస్ పేరు కావాలంటే మాత్రం ఒక కాలు ఆల్కహాల్‌లో వేసి సీఓఐ అనే, స్పీషీస్‌ని గుర్తుపట్టేదానికి వాడే జీన్ చదివించు, మగదాని కడుపు కింది రేకుల ఫోటో కూడా తీసిపెట్టు, రెండూ చూసే తేల్చాల.