తమరా, మీరా, నీవా?

సందేహం: మేం భార్యాభర్తలం, ఇద్దరికీ ముప్పై దాటాయి, బెంగళూరులో ఉంటాం. ముందుగా అన్నీ మాట్లాడుకుని, ఇద్దరం ఇష్టపడే, కొన్ని వేళల్లో ఆమె ఆజ్ఞాపించేట్టూ నేను పాటించేట్టూ ఒప్పందం పెట్టుకున్నాం. డామినెంట్–సబ్మిసివ్ బంధం అంటారు దీన్ని. ఆ వేళల్లో మాట ఎలా ఉండాలో చెప్పే నియమాలు ప్రొటోకాల్. మామూలుగా ఇద్దరం ‘నువ్వు’ అనే అనుకుంటాం. ‘మేడమ్’, ‘మిస్ట్రెస్’ అంటే నాకే నవ్వొస్తోంది, తెలుగులోనే నడుపుకోవాలని ఉంది. ఆమెను ‘తమరు’ అనాలా, ‘మీరు’ చాలా? ‘చిత్తం’, ‘సెలవు’ వాడవచ్చా? ‘నేను’ అనకూడదన్నది ఒక నియమం. అప్పుడు ‘ఈ దాసుడు వస్తాను’ అనాలా, ‘వస్తాడు’ అనాలా? ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆమెకు పెద్దక్షరం, నాకు చిన్నక్షరం వాడే పద్ధతి ఉంది. తెలుగులో ఏం చేయాలి? రెడ్ (ఆపు), యెల్లో (నెమ్మది), గ్రీన్ (సాగించు) అనే సేఫ్‌వర్డ్‌లను, అంటే పాత్ర పక్కన పెట్టి నిజంగా చెప్పే సంకేతపదాలను, ఎరుపు, పసుపు, పచ్చ అని మార్చేసుకున్నాం, వాటితో ఇబ్బంది లేదు.

— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: ఇబ్బంది లేదని మీరు తేల్చేసిన చోటే అసలు ఇబ్బంది ఉంది. అడగని ప్రశ్న కాబట్టి దాని సంగతి ముందు చూద్దాం.

తెలుగులో ‘పచ్చ’ ఒక్క రంగు పేరు కాదు. ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే. పచ్చకామెర్లు పట్టిన కళ్లు ఆకు రంగులో ఉండవు, పచ్చని చేను పసుపు రంగులో ఉండదు. ‘పిల్ల పచ్చగా ఉంటుంది’ అంటే ఒంటి ఛాయ మాట, ‘కొండ పచ్చగా ఉంది’ అంటే చెట్ల మాట. పచ్చ, పచ్చి, పసి, పసుపు, పసిడి అన్నీ ఒకే ద్రావిడ ధాతువు పిల్లలు. తమిళంలో ‘పచ్చై’ ఆకు రంగుకే స్థిరపడింది, పసుపు రంగుకు ‘మంజళ్’ వేరే ఉంది. కన్నడంలో ‘హసిరు’, ‘హళది’ దేనికది. అందువల్ల చెన్నైలోనో బెంగళూరులోనో పెరిగిన తెలుగువాళ్లకు ఈ తికమక తట్టకపోవచ్చు. మీ ఇద్దరిలో ఒకరు అక్కడా ఒకరు ఆంధ్రలోనూ పెరిగి ఉంటే మాత్రం ఒకరి ‘సాగించు’ మరొకరికి ‘నెమ్మది’ అవుతుంది. ఊపిరి అందని వేళ ‘పసుపుపచ్చ’లో మొదటి సగం మింగేసి ‘...పచ్చ’ అన్నారనుకోండి, నెమ్మదించమని చెప్పాలనుకున్న మనిషి సాగించమన్నట్టు అవుతుంది. రెడ్, యెల్లో, గ్రీన్ అనే ఉంచుకోండి. భాషాభిమానం చూపించుకోవడానికి ఇది చోటు కాదు.

‘వద్దు’, ‘చాలు’, ‘ఆపు’ కూడా సేఫ్‌వర్డ్‌కు పనికిరావు. ఆ పాత్రలో ఉన్న మనిషి వాటిని పాత్రలో భాగంగానే అనవచ్చు. పైగా మన పంక్తి భోజనంలో ‘చాలు చాలు’ అని చేయి అడ్డం పెట్టినా గరిటె ఆగదు. ఆ మాట విని కూడా విననట్టు ఉండడం మనకు చిన్నప్పటినుంచీ అలవాటు. బెంగళూరు వాళ్లకు ఇంకో చిక్కు: కన్నడంలో ‘సాకు’ అంటే చాలు, తెలుగులో సాకు అంటే వంక. ఆ మాట జోలికి పోవద్దు. నోరు మెదపలేని పరిస్థితి ఉంటే చేతిలో తాళాలగుత్తి పట్టుకోవాలి, అది కింద పడితే రెడ్ అన్నట్టే. రెడ్ వినిపించాక ‘ఏమైంది తమరికి’ లాంటి పాత్రమాట ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ క్షణం నుంచి ఇద్దరూ ‘నువ్వు’, ఇద్దరూ ‘మనం’. ఆట ఆగిందని చెవికి తెలిసేది ఆ మార్పుతోనే. ‘మేము’కూ ‘మనము’కూ తేడా ఉన్న భాష మనది. ముందు ఒప్పందం మాట్లాడుకునేటప్పుడూ తర్వాత కూర్చుని ఏది బాగుంది, ఏది బాగాలేదు అని చెప్పుకునేటప్పుడూ ‘మనం’ వాడండి, మధ్యలో వాడకండి.

ఇక ‘తమరు’. తాను, తాము కుటుంబంలోది. క్రియ ‘మీరు’కు లాగానే ‘తమరు వచ్చారు, తమరు చెప్తారా’ అని ఉంటుంది కనుక వ్యాకరణం అడ్డుపడదు. అడ్డుపడేది వ్యంగ్యం. ‘తమరు ఎప్పుడు నిద్ర లేచారో!’ అన్న మాట వినని తెలుగు కొంప లేదు. ఎంత భక్తిగా అన్నా నాలుగింట్లో ఒకటి వెటకారంగా వినిపిస్తుంది. ‘మీరు’ విషయానికొస్తే, భార్య భర్తను ఎప్పుడూ ‘ఏమండీ’, ‘మీరు’ అనే ఇంట్లో దానికి బరువు లేదు. వంకాయలు తరిగేటప్పుడూ అదే, కరెంటు బిల్లు కట్టమన్నప్పుడూ అదే. మీ ఇంట్లో ఇద్దరూ ‘నువ్వు’ కనుక ‘మీరు’ అనగానే గడప దాటినట్టు తెలుస్తుంది. ఆ విధంగా మీరు అదృష్టవంతులు.

కానీ గౌరవమంతా ‘మీరు’లోనే ఉందని ఎవరు చెప్పారు? ఈ కాలానికి ఇదొక జాడ్యం. ఫోను చేసిన ప్రతి బ్యాంకు వాడూ ‘సర్ గారు’ అంటాడు, పెళ్లి శుభలేఖలో చంటిపిల్లవాడికీ ‘గారు’ తగిలిస్తారు. గారు పెరిగిన కొద్దీ మర్యాద పెరిగిందా? అమ్మను నువ్వు అంటాం, వేంకటేశ్వరుణ్ణి నువ్వు అంటాం. కావ్యాల్లో రాజును ఎదుట నిలబెట్టి ‘నీవు’ అన్నారు, ఎవరి తలా పోలేదు. మీ సందేహానికి సరిగ్గా సరిపడే సాక్షి నంది తిమ్మన. రాయలవారి కొలువులో కూర్చుని పారిజాతాపహరణం రాశాడు. అలిగిన సత్యభామ పాదాల మీద కృష్ణుడు తల వాల్చినప్పుడు ఆమె తన్నుతుంది. ఆ తన్నును తిమ్మన చెప్పిన తీరు చూడండి. ‘జలజాతాసన వాసవాది సురపూజా భాజనంబై’ అని బ్రహ్మేంద్రాదులు పూజించే ఆ శిరస్సును పొడుగాటి సంస్కృత సమాసంతో పైకెత్తి, పైకెత్తి, చివరికి ‘వామపాదంబునం దొలగంద్రోచె’ అని అచ్చ తెలుగు క్రియతో పక్కకు నెట్టేశాడు. సమాసమంతా వైభవం, క్రియ ఒక్కటీ తన్ను. అప్పుడు కృష్ణుడు అంటాడు:

నను భవదీయదాసుని మనంబున నెయ్యపుఁ గిన్కఁ బూని తా
చినయది నాకు మన్ననయ. చెల్వగు నీ పదపల్లవంబు మ
త్తనుపులకాగ్రకంటకవితానము దాఁకిన నొచ్చునంచు నే
ననియెద, నల్క మానవుగదా యికనైన నరాళకుంతలా!

నీ దాసుణ్ణి నన్ను ప్రేమకోపంతో తన్నావు, అది నాకు మన్ననే. నా ఒంటి మీద నిక్కిన రోమాలు ముళ్లై నీ చిగురుపాదానికి గుచ్చుకుంటాయేమోనని నా బెంగ. ఇకనైనా అలక మానవా అని. మొదటి పాదంలో ‘భవదీయ’ అన్నాడు. సంస్కృతంలో ‘భవత్’ మర్యాద సర్వనామం, దాని పక్కన క్రియ ప్రథమపురుషలో ఉంటుంది. రెండో పాదానికి వచ్చేసరికి ‘నీ పదపల్లవంబు’, చివరికి ‘మానవుగదా’ అని శుద్ధ ఏకవచనం. ఒకే పద్యంలో భవత్ నుంచి నీకు దిగాడు, దిగినందువల్ల దాస్యం తగ్గలేదు. తగ్గకుండా నిలబెట్టింది సర్వనామం కాదు, ‘దాసుని’, ‘మన్నన’ అనే రెండు మాటలు. ‘మన్నన’లో గౌరవమూ ఉంది, క్షమా ఉంది. తమిళంలో ‘మన్నిప్పు’ ఒక్క క్షమాపణకే మిగిలింది. ఇంకోటి చూశారా, దాసుడన్న మాట సత్యభామ అనలేదు. ఆయనే ఎత్తుకున్నాడు. ఆ కోపానికి ముందు ‘నెయ్యపు’ అని విశేషణం కూడా తగిలించాడు. ఆ ఒక్క విశేషణం తీసేస్తే పద్యం పద్యం కాదు, గృహహింస. ఈ కావ్యం పుట్టుకకు రాయలవారికీ తిరుమలదేవికీ మధ్య వచ్చిన పాదాల గొడవే కారణమని ఒక కథ చెప్తారు. కథగానే వినాలి. అలంకారశాస్త్రం చెప్పే అష్టవిధ నాయికల్లో స్వాధీనపతిక, అంటే భర్త తన చెప్పుచేతల్లో ఉన్న నాయిక, ఉండనే ఉంది, ఆమెను వర్ణించడం మనవాళ్లకు కొత్త కాదు.

కనుక నా ఓటు ‘నీవు’కే. మీరు రోజూ అనే ‘నువ్వు’ కాదు, నిండు ‘నీవు’. వెటకారం అంటని మాట, రోజువారీ చెమట పట్టని మాట. అయితే వ్యాకరణం ఓటు నాకు పడటం లేదు, అది దాచను. తెలుగులో సర్వనామం తరచు జారిపోతుంది. ‘ఎప్పుడు వస్తావు?’ అన్నప్పుడు నీవో నువ్వో ఎలా తెలుస్తుంది? ‘ఎప్పుడు వస్తారు?’ అంటే ‘రు’ ప్రతి వాక్యం చివరా వినిపిస్తుంది. నియమం తప్పారో లేదో పట్టుకోవాలంటే ‘మీరు’ పదునైన కొలత. చివరికి ఆమె చెవికి ఏది ఆనితే అది.

‘నేను’ నిషేధంలోనూ ఇదే మెలిక. ‘నేను’ మానేసి ‘వస్తాను’ అంటే ఆ ‘ను’లో నేను కూర్చునే ఉన్నాడు. నియమం నిజంగా పాటించాలంటే క్రియ మారాలి: ‘ఈ దాసుడు వస్తాడు’. ‘ఈ దాసుడు వస్తాను’ అనడం రెండు పడవల మీద కాళ్లు. అంత దూరం పోలేకపోతే ‘దాసుడను’ అనండి. నామానికే ఉత్తమపురుష ప్రత్యయం తగిలించే సదుపాయం మనకు ఉంది. పాటించేది స్త్రీ అయిన ఇళ్లలో ఇంకో జాగ్రత్త కావాలి. ప్రథమపురుషలో ఆమె ‘వస్తుంది’ అవుతుంది, కుర్చీకీ పిల్లికీ వాడే క్రియ కూడా అదే. అది కావాలనుకునేవాళ్లు ఉంటారు, గుచ్చుకునేవాళ్లూ ఉంటారు. ముందే అడిగి పెట్టుకోవాలి.

‘చిత్తం’ అంటే తమ చిత్తం ఎలా ఉంటే అలా అని. ఆజ్ఞకు జవాబుగా దీనికి సాటి లేదు. ప్రశ్నకు జవాబుగా కూడా ‘చిత్తం’ అన్న వాడుక ఉంది. నాకు నచ్చదు, మీకు పనికిరాదు కూడా. ‘నొప్పిగా ఉందా?’ అంటే ‘చిత్తం’ అన్నారనుకోండి, ఆమెకు ఏం తెలిసినట్టు? ప్రశ్నకు తెలుగు పద్ధతిలో క్రియతో బదులివ్వండి: ‘ఉంది’, ‘లేదు’, ‘తిన్నాను’. అన్నింటికన్నా పెద్ద శత్రువు ‘ఊఁ’. విన్నానన్నదా, ఒప్పుకున్నానన్నదా, నిద్రొస్తోందన్నదా తేలదు. మొదటివారం ఒక్క ‘ఊఁ’ మానడమే నియమంగా పెట్టుకుంటే తక్కినవి వాటంతట అవే దారికొస్తాయి. ఆమె వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త: ‘కూర్చో’, ‘కూర్చుంటావు’ రెండూ ఆజ్ఞలే, కానీ ‘కూర్చోవచ్చు’ అనుమతో, ఊహో తెలియదు. అనుమతి ఇవ్వదలిస్తే ‘సెలవు’ అంటే పోతుంది.

‘సెలవు’ భేషైన మాట. అనుమతి, ఆజ్ఞ, వీడ్కోలు, ఖర్చు, అన్నీ అందులో ఉన్నాయి. పెద్దలు మాట్లాడితే ‘సెలవిచ్చారు’ అనేవాళ్లం. ఇప్పుడు ఆదివారానికి తప్ప ఆ మాట గుర్తుకు రావడం లేదు. ‘సెలవైతే ఒక మాట’ అని మొదలుపెట్టండి, ‘సెలవు’ అని ఆమె అన్నాక చెప్పండి. చెన్నైలో ఉన్న తెలుగువాళ్లు మాత్రం పనిమనుషుల ముందు వాడకపోవడం మేలు, తమిళంలో ‘సెలవు’ అంటే ఖర్చు ఒక్కటే. ఎంత అని అడుగుతారు.

పిలుపు గురించి మీరు అడగలేదు కానీ అడుగుతారు. ‘ఏలిక’ బాగుంటుంది, ఏలడంలో పాలించడమూ కాపాడడమూ రెండూ ఉన్నాయి. ‘ఏలికసాని’ అని స్త్రీరూపం కూడా నిఘంటువుల్లో ఉంది. ‘దొరసాని’లో తెల్లదొరల వాసన, గడీల వాసన. ‘నీ బాంచన్ కాల్మొక్త’ మాత్రం ఆటకు తెచ్చుకోవద్దు. వెట్టిచాకిరీ చేసినవాళ్లు ఇష్టపడి అన్న మాట కాదది.

పెద్దక్షరం, చిన్నక్షరం మనకు లేవు, ఆ లోటు గురించి బాధపడనక్కర్లేదు. మద్రాసు రాజధాని కాలపు ఉత్తరాల్లో పేరుకు ముందు ‘మ.రా.రా.శ్రీ’ అని ఉండేది, మహారాజరాజశ్రీ అని. ఆమె పేరుకు ముందు అది పెట్టండి. మీ పేరు ముందు ఏమీ పెట్టకండి, చివర సంతకం చేయకుండా ‘విధేయుడు’ అని ఊరుకోండి. వాక్యం చివర ‘చిత్తగించవలెను’ అనేది పాత విన్నపపత్రాల పద్ధతి, మొబైల్లో ‘చి.వ.’ అని కుదించుకున్నా అర్థం పోదు, కానీ అలా కుదించడానికి ముందుగా ఆమె సెలవు తీసుకోండి.