ఆ ఫొటో తీసిందెవరు? (ఒక యువ రచయిత్రికి లేఖ)

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. డబ్బు కట్టి పరాయి దేశం వెళ్లి, సింహాన్నో ఏనుగునో చంపి, దాని తల తెచ్చి గోడకు తగిలించుకునే వేట గురించి రాశావు. రెండుసార్లు చదివాను. మొదటిసారి నీతోపాటు నాకూ కోపం వచ్చింది. రెండోసారి చదువుతుంటే ఆ కోపం నిలవలేదు. ఎందుకు నిలవలేదో చెప్పడానికే ఈ ఉత్తరం. "బావుందని ఒక్క ముక్క రాయండి మాష్టారూ, చాలు" అన్నావు. ఆ ముక్క వల్ల నీకు ఒరిగేదేమీ లేదు.

మొదలుపెట్టిన తీరు చూడు. చచ్చిపోయిన సింహం, దాని వెనక మోకాళ్ల మీద కూర్చుని పళ్లన్నీ కనబడేలా నవ్వే మనిషి, పక్కన తుపాకీ. ఈ విషయం మీద రాసేవాళ్లంతా ఇక్కడే మొదలుపెడతారు. నేనూ అంతే. కానీ నువ్వు ఆ ఫొటో చూసి కోపం తెచ్చుకున్నావే గానీ ఫొటోని సరిగ్గా చూడలేదు. దాని వెనక చాలా పని ఉంటుంది. జంతువు మూతి మీద రక్తం కడుగుతారు. బయటికి వేలాడే నాలుకను లోపలికి తోస్తారు. తల వాలిపోకుండా కింద కర్రో రాయో ఆనిస్తారు. అడ్డం వచ్చే గడ్డి పీకేస్తారు. వేటగాడు కాస్త వెనక్కి జరిగి కూర్చుంటాడు, దాంతో జంతువు ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. చచ్చినదాన్ని చచ్చినట్టు కనబడకుండా చేస్తే గానీ ఆ ఫొటో వాళ్లకు పనికిరాదన్నమాట. "క్రూరత్వానికి పరాకాష్ఠ" అన్న నీ వాక్యం కొట్టేసి ఆ నాలుక సంగతి రాయి.

రెండో పేజీలో సెసిల్ వచ్చాడు. రావాల్సిందే. 2015 జులైలో జింబాబ్వేలోని హ్వాంగే నేషనల్ పార్క్ హద్దు బయట చచ్చిపోయిన 13 ఏళ్ల సింహం. మెడలో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు కట్టిన, జాడ తెలిపే కాలర్. చంపింది ఒక అమెరికన్ పళ్ల డాక్టర్. దాదాపు 50 వేల డాలర్లు కట్టాడని పత్రికలు రాశాయి. ముందు బాణం వేశాడు, అది గాయపడి పోయింది, తర్వాత వెతికి చంపారు. నువ్వు "40 గంటల నరకయాతన" అని రాశావు. అప్పటి వార్తల్లో అలాగే వచ్చింది. కానీ ఆ సింహాన్ని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకుడు తర్వాత తేల్చింది పది పన్నెండు గంటలని. బాణం దిగిన ఒంటితో ఒక రాత్రంతా బతికి ఉండటం చాలదా? నలభై అని రాస్తే, వేటంటే ఇష్టపడే మనిషి ఆ ఒక్క అంకె పట్టుకుని నీ వ్యాసం మొత్తం పక్కన పడేస్తాడు. వాడికి ఆ అవకాశం నువ్వే ఇచ్చినట్టు.

అదే పేజీలో "చట్టవిరుద్ధంగా చంపాడు" అన్నావు. ఆ డాక్టర్ కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి, కేసు పెట్టం అని జింబాబ్వే ప్రభుత్వమే చెప్పింది. వెంట ఉన్న గైడ్ మీద పెట్టిన అభియోగాలనూ మరుసటి ఏడాది కోర్టు కొట్టేసింది. దొంగవేట వేరు, లైసెన్సు వేట వేరు. నీ వ్యాసంలో రెండూ కలిసిపోయాయి. దొంగవేట మీద రాయడం సులువు, అందరూ తలూపుతారు. పర్మిట్ ఉంది, కోటా ఉంది, రసీదు కూడా ఉంది. అయినా కడుపులో ఏదో తిప్పుతోంది. ఆ తిప్పేది ఏమిటో రాయడమే నీ పని.

నా సంగతి ఒకటి చెబుతాను. సెసిల్ చచ్చిన వారంలోనే నేనూ ఒక వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. ఊపులో రాశాను. 1977లోనే వేటను నిషేధించిన కెన్యాను చూసి మిగతా ఆఫ్రికా నేర్చుకోవాలని నీతి చెప్పి ముగించాను. మరుసటి ఏడాది ఒక పాఠకుడు ఓ పరిశోధన సారాంశం పంపాడు. 1977 నుంచి 2016 దాకా కెన్యా మైదానాల్లో అడవి జంతువుల సంఖ్య సగటున 68 శాతం పడిపోయిందట. ఉత్తరంలో తిట్టు ఒక్కటీ లేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. నిషేధం వల్లే పడిపోయాయని కాదు. జనాభా పెరిగింది, మేకలూ గొర్రెలూ పెరిగాయి, కంచెలు వచ్చాయి, వానలు తగ్గాయి. కానీ తుపాకీ ఆపితే జంతువు బతికిపోతుందని నేను రాసిన వాక్యం మాత్రం తప్పే. నాకు నచ్చిన వాక్యం కాబట్టి సరిచూసుకోలేదు. నీ నాలుగో పేజీలో కెన్యా పేరు చూసి నవ్వొచ్చింది, అందుకే ఇంత చెప్పాను.

ఇప్పుడు అసలు విషయం. నీ వ్యాసంలో రెండు ప్రశ్నలు ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డం పడుతున్నాయి. ఈ వేట వల్ల అడవికీ జంతువుకూ మేలు జరుగుతోందా అన్నది ఒకటి. సరదా కోసం ప్రాణం తీయడం తగునా అన్నది మరొకటి. మొదటిదానికి జవాబు దేశానికో తీరుగా ఉంటుంది, లెక్కలు చూసి తెలుసుకోవాలి. రెండోదానికి లెక్కలతో పని లేదు. నువ్వేం చేశావంటే, సరదా తప్పు కాబట్టి మేలు కూడా అబద్ధమే అని తేల్చేశావు. వేటను సమర్థించేవాళ్లు దీన్నే తిరగేస్తారు. డబ్బు అడవికి వెళ్తోంది కదా, ఇక సరదాకి వంకేమిటి అంటారు. ఇద్దరిదీ ఒకటే తప్పు.

నమీబియా గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. అక్కడ 1996 చట్టం తర్వాత పల్లెవాళ్లు కలిసి కన్సర్వెన్సీలు, అంటే తమ నేల మీది జంతువుల్ని తామే చూసుకునే సంఘాలు, పెట్టుకున్నారు. ఇప్పుడు 86 ఉన్నాయి, దేశంలో సుమారు ఐదో వంతు నేల వాటి కిందే ఉంది. వేట ఫీజు వాటికి వస్తుంది, మాంసం ఊళ్లో పంచుతారు. వేట ఆపేస్తే ఏమవుతుందని పరిశోధకులు లెక్క కడితే, చాలా కన్సర్వెన్సీలు సొంత ఖర్చులు కూడా భరించలేవని తేలింది. 2014లో అమెరికాలోని డాలస్‌లో ఒక నల్ల ఖడ్గమృగాన్ని చంపే పర్మిట్ వేలం వేస్తే 3 లక్షల 50 వేల డాలర్లు పలికింది కదా, ఆ వేట జరిగిందీ నమీబియాలోనే, 2015లో. కాపాడుకుంటున్న జాతిలో ఒకదాన్ని చంపడానికి వేలమా అని నువ్వు అడగొచ్చు, అడుగు. కానీ ఎంచుకునేది పిల్లల్ని కనే వయసు దాటిపోయి, తోటి ఖడ్గమృగాల్ని పొడిచి చంపే ముసలి మగదాన్ని అని వాళ్లు చెప్పే మాట కూడా రాసి, అప్పుడు అడుగు. ఎదుటివాడి వాదన నీ నోట విన్నప్పుడు వాడికి "అవును, నేను చెప్పేది ఇదే" అనిపించాలి. ఆ తర్వాత నువ్వేసే దెబ్బే తగులుతుంది.

సింహం దగ్గర కాసేపు ఆగు, ఇక్కడ చాలా ఉంది. మంద మీద పెత్తనం చేసే మగ సింహాన్ని చంపితే పోయేది అదొక్కటే కాదు. కొత్త మగవి వచ్చి మందను ఆక్రమిస్తాయి, పాత వాటి పిల్లల్ని చంపేస్తాయి. పిల్లలు పోతే గానీ ఆడవి మళ్లీ త్వరగా ఎదకు రావు. పర్మిట్ కొన్నవాడి కాగితంలో మాత్రం ఒక సింహమే ఉంటుంది. అందుకే ఆరేళ్లు దాటిన మగవాటినే వేటాడితే మందకు నష్టం పెద్దగా ఉండదని టాంజానియాలో పనిచేసిన పరిశోధకులు 2004లో చెప్పారు. మరి వయసు తెలిసేదెలా? ముక్కు చూసి. చిన్నప్పుడు గులాబీ రంగులో ఉండే ముక్కు మీద ఏళ్లు గడిచేకొద్దీ నల్ల మచ్చలు పెరుగుతాయి. ఇప్పుడు ఆ మనిషిని ఊహించుకో. సెలవు పదిహేనో ఇరవయ్యో రోజులు, రోజుకింతని కట్టేశాడు, రేపు విమానం. ఎర దగ్గరికి సింహం వచ్చింది. వెలుగు తక్కువగా ఉంది, దూరం ఎక్కువగా ఉంది. ముక్కు ఎంత నల్లబడిందో చూసి, ఇంకా వయసు రాలేదని తుపాకీ దించాలి. దించుతాడా? నీ వ్యాసానికి ఇంతకంటే మంచి సన్నివేశం నాకు తట్టలేదు. దీనికోసం నువ్వు ఎవర్నీ తిట్టక్కర్లేదు.

రేట్ల పట్టిక కూడా ఒకటి సంపాదించు. ఇంపాలా జింకకి ఇంత, జీబ్రాకి ఇంత, అడవి దున్నకి ఇంత అని వరసగా ఉంటాయి. రోజువారీ ఖర్చు వేరు, చంపినదానికి కట్టే ట్రోఫీ ఫీజు వేరు. కింద ఓ మూల ఒక నిబంధన: గాయపడి దొరక్కుండా పోయిన జంతువుకు కూడా పూర్తి ఫీజు. ఆ ఒక్క లైను యథాతథంగా రాసి ఊరుకో.

దక్షిణాఫ్రికాలో కంచె లోపల పెంచి, అక్కడే కాల్పించే సింహాల గురించి నువ్వు మూడు పేజీలు రాశావు. అర పేజీకి తగ్గించు. అలా పెంచుతున్న సింహాలు ఎనిమిది వేల దాకా ఉన్నాయన్నది ఒక్కటి చాలు. అక్కడ అడవీ లేదు, వేటా లేదు. వేటగాళ్లలోనే చాలామంది దాన్ని ఛీ అంటారు. సులువైన శత్రువు మీద మూడు పేజీలు ఖర్చుపెట్టి, కష్టమైన నమీబియాను వదిలేశావు. అప్పటి స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ 2012లో బోట్స్వానాలో ఏనుగు వేటకు వెళ్లి తుంటి విరగ్గొట్టుకున్న కథ మాత్రం ఉంచు. అప్పటికాయన వన్యప్రాణుల్ని కాపాడే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థ స్పెయిన్ శాఖకి గౌరవాధ్యక్షుడని కూడా చేర్చు, పాఠకుడు తనే నవ్వుకుంటాడు. అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆఫ్రికాలో చేసిన వేటయాత్ర తీసెయ్యి, వ్యాసం బరువెక్కుతోంది.

ఇక ఆ అడవి పక్కన బతికేవాళ్లు. నీ పన్నెండు పేజీల్లో ఆఫ్రికన్ మనిషి ఒక్కడూ నోరు విప్పలేదు, గమనించావా? సెసిల్ కోసం లోకమంతా ఏడుస్తున్నప్పుడు, అమెరికాలో చదువుకుంటున్న ఒక జింబాబ్వే విద్యార్థి అక్కడి పెద్ద పత్రికలో రాశాడు. మా ఊళ్లో సింహాన్ని ఎవరూ ప్రేమించలేదు, దాని పేరు చెబితే వణికేవాళ్లం, చచ్చిందని తెలిసి నాకు సంతోషం వేసింది అని. 2024లో జర్మనీ ట్రోఫీల (వేటగాళ్లు ఇంటికి తెచ్చుకునే తలలూ చర్మాలూ) దిగుమతి బిగిస్తామంటే, అప్పటి బోట్స్వానా అధ్యక్షుడు మసీసీ "20 వేల ఏనుగుల్ని మీకే పంపిస్తాం, వాటితో కలిసి మీరే బతకండి" అన్న అర్థంలో మాట్లాడాడు. జోక్ కాదని కూడా అన్నాడు. ఆ దేశంలో ఏనుగులు లక్షా 30 వేల దాకా ఉన్నాయి. 2014లో వేట ఆపారు, 2019లో మళ్లీ తెరిచారు. పంట తొక్కించుకున్నవాడికీ, సోఫాలో కూర్చుని ఫొటో చూసినవాడికీ ఏనుగు ఒకటే కాదు. వాళ్లు చెప్పారు కాబట్టి వేట సరైనదని రాయమనడం లేదు. ఆ ఫీజులో వాళ్ల చేతికి నిజంగా ఎంత చేరుతోంది, మధ్యలో ఎవరి జేబులో ఆగిపోతోంది అని కూడా అడగాలి. చాలాచోట్ల ఊరికి చేరేది చాలా తక్కువ. కానీ అడగాలంటే ముందు వాళ్లు నీ వ్యాసంలో ఉండాలి.

మాటల గురించి కొంచెం. వేటగాళ్లు చంపడం అనరు, హార్వెస్ట్ అంటారు, కోతకొచ్చిన చేను అన్నట్టు. నువ్వేమో ప్రతి పేజీలో హత్య అన్నావు. చంపాడు అను. అంతకంటే బరువైన మాట మనకెందుకు? మన పాతవాళ్లు వేటకు వినోదం అనే మాట చేర్చి మృగయా వినోదం అన్నారు, మళ్లీ వాళ్లే దాన్ని జూదం పక్కన పెట్టి సప్త వ్యసనాల్లో లెక్కేశారు. రాజులకు నచ్చే పని అని తెలిసీ లెక్కేశారు చూడు, అది నాకిష్టం.

నా అభిప్రాయం అడిగావు కదా. నమీబియా లాంటి చోట్ల ఆ డబ్బు అడవిని నిలబెడుతోందని ఒప్పుకుంటాను. దాని బదులు వేరే డబ్బు చూపించకుండా, ఎక్కడో కూర్చుని నిషేధించండి అనడానికి నాకు నోరు రాదు. అయినా ఆ ఫొటోలోని నవ్వు నాకు మింగుడుపడదు. అడవి కోసమే డబ్బిచ్చానని వాడంటే, ఇచ్చి ఊరుకోవచ్చు కదా అని నాలోపల ఎవడో గొణుగుతూనే ఉంటాడు. ఊరికే ఎవడిస్తాడు అంటాడు ఆ వేటగాడు, అదీ నిజమే. నాకు ఈ ముడి విడలేదు. నీ వ్యాసంలో విడిపోయినట్టు నటించకు.

తిరగరాసి పంపు. ఈ నెలాఖరులోపు అయితే నేను ఊళ్లోనే ఉంటాను. ఒక పని మాత్రం మర్చిపోకు. ఆ ఫొటోలో సింహం ఉంది, నవ్వే మనిషి ఉన్నాడు. రాత్రంతా అడుగుజాడలు పట్టి తీసుకెళ్లినవాడు, మూతి కడిగినవాడు, తల కింద కర్ర ఆనించినవాడు లేడు. అతను కెమెరా ఇవతల నిలబడి ఉన్నాడు, బహుశా బటన్ నొక్కింది కూడా అతనే. అతని రోజు కూలి ఎంతో కనుక్కుని మొదటి పేజీలో రాయి.

ఆశీస్సులతో,
మీ మాష్టారు