ఐసీయూలో చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి బంగారుతల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నీకు ఐసీయూలో పోస్టింగు వచ్చిందని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఎంత ఊపిరి ఇవ్వాలో ఇకపై నువ్వు కొలవాలి.

షిఫ్టు మొదట్లో గాలి ప్రవాహాన్ని కొలిచే ఫ్లో సెన్సర్ చూసుకో, నీరు చేరితే అంకెలు తప్పుతాయి. లోపలికి పంపిన గాలితో సరిపెట్టుకోకు, తిరిగి వచ్చింది ఎంతో చూడు. తేడా ఎక్కువుంటే లీకు ఉన్నట్టే, శ్వాసగొట్టం చుట్టూ ఉబ్బి ఉండే కఫ్ దగ్గర మొదలుపెట్టి వెతుకు.

ఇక నన్ను వదలని భయం ఒకటుంది. మా కాలంలో కిలోకు 10 నుంచి 15 మి.లీ. టైడల్ వాల్యూమ్, అంటే ఒక్కో ఊపిరికి పంపే గాలి, మామూలు. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి నీరు చేరే తీవ్రమైన జబ్బు) రోగులకు కిలోకు 12 మి.లీ. బదులు 6 ఇస్తే మరణాలు సుమారు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయని 2000లో అమెరికాలో తేలింది. అందరూ 6 అనడం నేర్చుకున్నారు. ఆ కిలోలు ఏ బరువువో మాత్రం చాలామంది పట్టించుకోలేదు.

ఒక వార్డులో రౌండ్స్‌కు వెళ్తే 80 కిలోల ఆవిడకు 480 మి.లీ. పెట్టి ఉంది. లెక్క సరిగ్గానే వేశామన్నారు. ప్లాటో ప్రెషర్, అంటే గాలి నిండాక ఊపిరితిత్తుల్లో నిలిచే ఒత్తిడి, చూస్తే 36 సెం.మీ. నీటి పీడనం. దుప్పటి తొలగించాను. ఆమె పాదాలు మంచం చివరికి చాలా ఇవతలే ఆగిపోయాయి. కేసు షీటులో ఎత్తు రాయాల్సిన చోటు ఖాళీ. టేపు తెప్పించి కొలిస్తే 150 సెం.మీ. మనిషి లావెక్కితే ఊపిరితిత్తులు పెరగవు తల్లీ, అవి ఎత్తును బట్టే ఉంటాయి. సెం.మీ.లలో ఎత్తులోంచి 152.4 తీసేసి, 0.91తో గుణించి, ఆడవాళ్లకు 45.5, మగవాళ్లకు 50 కలుపు, లెక్కకు తీసుకోవాల్సిన బరువు అదే. ఆవిడకు వచ్చేది 43 కిలోలు, ఇవ్వాల్సింది 260 మి.లీ. దాదాపు రెట్టింపు గాలి ఆ జబ్బు ఊపిరితిత్తుల్లోకి గంటల తరబడి వెళ్లింది. పొట్టిగా, బొద్దుగా ఉన్న ఆడవాళ్లకే ఈ అన్యాయం ఎక్కువ. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఎత్తును కంటితో అంచనా వేసి రాశావో, ఊరుకోను. నీకు చిన్నప్పటినుంచీ తొందరెక్కువ, లెక్క చేసి యూనిట్లు వదిలేసేదానివి. కాళ్లు ముడుచుకుపోయిన వాళ్లకు చేతులు చాపించి కొలువు. ప్లాటో 30 దాటనివ్వకు. రోగి స్వయంగా ఊపిరి లాగుతున్నప్పుడు ఆ అంకెను నమ్మకు.

ఊపిరి వదిలాక లోపల మిగిలే గాలిని నైట్రోజన్ వాష్‌అవుట్‌తో కొలిచే యంత్రాలూ వచ్చాయి. మీ దగ్గరుంటే నేర్చుకో, ముందు టేపు అలవాటు కానీ.

నైట్ డ్యూటీలో తిండి మానకు. మొదటి వారం గడిచాక ఫోను చెయ్యి, నీ రోగుల ఎత్తులు అడుగుతాను.

మీ పెదనాన్న