లంపీ వైరస్ జీనోమ్ చదవబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పశువుల ఒంటి మీద గడ్డలు తెప్పించే లంపీ స్కిన్ వైరస్ మీద పని మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఆ వైరస్‌లోని పీ32 అనే జన్యువు ఒక్కటి సీక్వెన్స్ చేసి (అంటే దాని డీఎన్‌ఏ అక్షరాలను వరసగా చదివి) వైరస్‌ల వంశవృక్షం గీస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదమ్మా.

వచ్చింది లంపీయా కాదా అన్నంత వరకు ఒకటి రెండు జన్యువులు చాలు. లంపీ, గొర్రెల మశూచి, మేకల మశూచి వైరస్‌ల జీనోమ్‌లు (మొత్తం జన్యు సమాచారం) దాదాపు 97 శాతం ఒకటే అయినా, ఆర్‌పీఓ30 అనే జన్యువులో గొర్రెల మశూచికి 21 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు) తక్కువ ఉంటాయి, దాన్ని పక్కకు తీయడం తేలికే. కానీ ఈ వైరస్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలంటే జీనోమ్ మొత్తం చదవాల్సిందే. 2017లో రష్యాలోని సరాతోవ్ ప్రాంతంలో దొరికిన వైరస్ సంగతి చూడు. దాని జీనోమ్‌లో కొన్ని చోట్ల టీకా వైరస్ పోలికలు, కొన్ని చోట్ల పశువుల్లో సహజంగా తిరిగే వైరస్ పోలికలు. ఏ జన్యువు చూస్తే ఆ జవాబే వస్తుంది! రెండూ కలగలిసిన వైరస్ అని మొత్తం చదివాకే తేలింది. తర్వాత చైనా, వియత్నాం, థాయ్‌లాండ్‌లలో కూడా ఇలాంటి కలగలుపు రకాలే బయటపడ్డాయి.

అందుకే ప్రతి శాంపిల్‌తో పాటు ఆ పశువుకు టీకా వేశారా, ఏ టీకా, ఎప్పుడు అన్నది తప్పక రాసుకో. నీత్లింగ్ అనే లంపీ వైరస్ రకంతో చేసిన లైవ్ టీకా (బలహీనపరిచిన బతికున్న వైరస్ టీకా) వేశాక కొన్ని పశువులకు చిన్న గడ్డలు వస్తాయి. ఆ వివరం లేకపోతే ఎంత మంచి సీక్వెన్స్ అయినా తప్పుదారి పట్టిస్తుంది.

శాంపిల్‌గా గడ్డ మీది పెచ్చు తీసుకో. రక్తంలో వైరస్ కొద్ది రోజులే ఉంటుంది, పెచ్చుల్లో వారాల తరబడి నిలుస్తుంది. అయితే పెచ్చులో పశువు డీఎన్‌ఏ కూడా బోలెడంత ఉంటుంది కాబట్టి రీడ్స్ (మెషిన్ చదివిచ్చే డీఎన్‌ఏ ముక్కలు) ఎక్కువ తీయాలి. వైరస్‌ను ల్యాబ్‌లో కణాల్లో పెంచి తీస్తే పని సులువవుతుంది గానీ, ఎక్కువసార్లు పెంచితే అక్కడ పుట్టిన మార్పులను పశువులో వచ్చినవే అనుకునే ప్రమాదం ఉంది. వీలైతే నేరుగా పెచ్చు నుంచే చదువు.

జీనోమ్ పొడవు సుమారు 1,51,000 బేస్‌లు. అందులో 73 శాతం ‘ఏ’, ‘టీ’ అనే రెండు బేస్‌లే. అవి వరసగా పేరుకున్న చోట మెషిన్ లెక్క తప్పుతుంది. ఇది డీఎన్‌ఏ వైరస్, నెమ్మదిగా మారుతుంది. అలాంటి చోట ఒక బేస్ తేడా కనిపిస్తే కొత్త రకం దొరికిందని సంబరపడకు, ముందు రీడ్స్ తెరిచి చూడు. రెండు కొసల్లోనూ ఒకే వరస తిరగబడి ఉంటుంది, చిన్న రీడ్స్‌తో అది సరిగ్గా అతకదు. అక్కడ లాంగ్ రీడ్స్ వాడు.

వృక్షం గీసే ముందు కలగలుపు ఉందో లేదో పరీక్షించు. ఉంటే, ఏ ముక్కకు ఆ ముక్క విడిగా గీయాలి. టెన్షన్ పడకుండా మొదటి అలైన్‌మెంట్ ఫైల్ (సీక్వెన్స్‌లను పక్కపక్కన సరిపోల్చి పేర్చింది) నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.