బిల్లులో కంచు, చేతిలో ఇత్తడి

ప్రశ్న: మాది కళింగపట్నం. నేను, మా బావమరిది చిన్న ఇంజన్ బోటు మీద వేటకు వెళతాం. నిరుడు ఆగస్టులో విశాఖపట్నంలో 22 వేలకు ప్రొపెల్లర్ కొన్నాను. బిల్లులో 'కంచు' అని రాశారు. మార్చికల్లా రెక్కల అంచులు ఎర్రబారాయి, గీకితే పెళ్లలుగా రాలుతున్నాయి. 'ఉప్పునీళ్లు తింటే మాకేం సంబంధం? బోటు వ్యాపారం కాబట్టి మీరు వినియోగదారులే కారు' అంటున్నారు. ఏప్రిల్, మే నెలల వేట కూడా పోయింది. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. ముందు ఆ ప్రొపెల్లర్‌ను పాత ఇనుము కొట్టుకు అమ్మేయకండి. మీ సాక్షి అదే.

ఉప్పునీరు లోహాన్ని తింటుందా లేదా అనే వాదనలోకి దిగితే మీరే ఓడిపోతారు. మీ తగువు లోహం గురించి. కంచులో రాగి, తగరం ఉంటాయి. ఇత్తడిలో రాగి, జింకు. మామూలు ఇత్తడి సముద్రంలో నానితే జింకు కరిగిపోయి రాగి గుల్లగా మిగులుతుంది. రూపం చెడదు, సత్తువ పోతుంది. మీరు చెప్పిన ఎరుపు అదే కావచ్చు. బుడితి ఇత్తడి పనివారు చూసి చెప్పగలరేమో గానీ, కేసు వినే వినియోగదారుల కమిషన్‌కు ల్యాబ్ నివేదిక కావాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషనే నమూనాకు సీలు వేయించి పంపుతుంది; ఫీజు మీరు కట్టాలి. లోహం గురించి అబద్ధం చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. అయితే బిల్లు మళ్లీ చూడండి. బజారులో 'మాంగనీస్ కంచు' అనేది నిజానికి జింకు ఎక్కువున్న ఇత్తడే. ఆ మాట ఉంటే కేసు బలం తగ్గుతుంది.

వ్యాపారం అన్న అభ్యంతరం నిలవదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్న వస్తువుకు చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఒకరిద్దరి సాయం తీసుకున్నా ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో చెప్పింది. విశాఖపట్నం తిరగక్కర్లేదు, శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే వేయండి. గడువు రెండేళ్లు. 5 లక్షల లోపు విలువకు దాఖలు రుసుము లేదు.

అవతలి వకీలు తప్పక అడిగేది షాఫ్టుకు బిగించే జింకు దిమ్మ గురించి. ప్రొపెల్లర్‌కు బదులు తాను కరగడమే దాని పని. సగం అరిగాక మార్చారా? దానికీ రంగు పూసేశారా? పూస్తే అది పనిచేయదు. ఫొటోలు, కొన్న రశీదులు దగ్గర పెట్టుకోండి.

ఇక వేట నష్టం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు నిషేధమే కదా! ఆ రోజులను లెక్కలో రాస్తే మిగతా లెక్కనూ నమ్మరు. మార్చి నుంచి ఏప్రిల్ 14 వరకు పోయిన రోజులే అడగండి.